బండి నెమ్మదిస్తే సైకిలు బయటికొస్తుంది

ఒడిశాలో పది ఇళ్లలో ఏడింటికి పైగా సైకిలు ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశం మొత్తం మీద సైకిలున్న ఇళ్లు సగమే. కాబట్టి ఈ రాష్ట్రంలో సైకిలుకు కరువు లేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఏ ఊళ్లోనైనా తెలుగువాళ్ల వీధిలోకి వెళ్తే మెట్ల కిందో పెరటి గోడ వారనో ఒక సైకిలు ఆనించి కనిపిస్తుంది. టైర్లలో గాలి ఉండదు. క్యారేజీ మీద పాత గోనెసంచి మడతపెట్టి ఉంటుంది. పాల ప్యాకెట్టుకీ, కొత్తిమీర కట్టకీ, మూడు సందుల అవతలున్న మందుల షాపుకీ ఆ ఇంటివాళ్లు బండే తీస్తారు.

ఎందుకని అడిగితే బద్ధకం పెరిగిందని పెద్దవాళ్లు, ఎండలు ముదిరాయని నడివయసువాళ్లు అంటారు. సైకిలు తొక్కడం నామోషీ అని కుర్రకారు పైకి అనదు గానీ ముఖంలో తెలిసిపోతుంది. మూడింట్లోనూ ఎంతో కొంత నిజముంది. అయితే అదే మనుషుల్ని, మీ పన్నెండేళ్ల పిల్లను సైకిలు మీద ట్యూషనుకు పంపిస్తారా అని అడిగి చూడండి. ఎండ మాట, పరువు మాట ఎవరూ ఎత్తరు. "ఆ రోడ్డు మీదా? అమ్మో!" అంటారు. అసలు కారణం అప్పుడు బయటపడుతుంది. సైకిలును ఇంట్లో కూర్చోబెట్టింది రోడ్డు మీది వేగం. ఆ వేగాన్ని ఊరి హద్దుల్లో గంటకు 30 కిలోమీటర్లకు దించగలిగితే కొత్త సైకిళ్లు పంచే పనీ, అవగాహన ర్యాలీలు తీసే పనీ చాలావరకు తప్పుతుంది.

దీనికి రుజువు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. బరంపురం పాత ఊళ్లో బడాబజార్ చుట్టూ ఉన్న సందులు ఇరుకు. బస్తాల ట్రాలీ రిక్షా, తోపుడుబండి, గుమ్మానికి అడ్డంగా నిలబెట్టిన స్కూటరు, ఎవరికీ దారివ్వని ఆవు, నడిరోడ్డు మీద క్షేమసమాచారాలు అడుగుతున్న ఇద్దరు పెద్దమనుషులు. ఎంత మొనగాడి బండైనా అక్కడ పదిహేను, ఇరవై దాటి పోలేదు. ఆ సందుల్లో సైకిళ్లు నేటికీ నిక్షేపంగా తిరుగుతున్నాయి. పట్టుచీరల మూట వెనక కట్టుకుని పోయేవాళ్లున్నారు, హ్యాండిలుకు రెండువైపులా సంచులు తగిలించుకున్న ముసలివాళ్లున్నారు. అదే మనిషి అదే సైకిలు మీద అస్కా రోడ్డు ఎక్కేసరికి భుజాలు బిగుసుకుపోతాయి. వెనక నుంచి ఏం వస్తోందో చూడలేడు, వినడం ఒక్కటే గతి. ఇరుకు రోడ్డు ప్రమాదమనీ, వెడల్పు చేస్తే సుఖమనీ మనకు గట్టి నమ్మకం. సైకిలువాడి అనుభవం అచ్చంగా దానికి ఎదురు.

వేగం సంగతి కొంచెం లెక్క కట్టి చూడాలి, ఎందుకంటే 30కీ 50కీ ఉన్న తేడాను మన బుర్ర సరిగ్గా అంచనా వేయదు. సందులోంచి ఒక పిల్ల సైకిలు మీద హఠాత్తుగా రోడ్డెక్కిందనుకుందాం. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకనైనా పడుతుంది. ఆ సెకనులో 30 వేగంతో ఉన్న కారు 8 మీటర్లకు పైగా కదులుతుంది. 50తో ఉన్నది దాదాపు 14 మీటర్లు పోతుంది. రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు సరిగ్గా పనిచేస్తే మొదటి కారు మరో 5 మీటర్లలో నిలబడిపోతుంది. మొత్తం 13 మీటర్ల చిల్లర. రెండో కారు ఆ 13 మీటర్ల గీత దగ్గరికి వచ్చేసరికి దానికింకా బ్రేకే పడలేదు! పిల్ల ఆ గీత అవతలే ఉంటే ఒక కారు ముందు బతికి బయటపడుతుంది, రెండోది ఆమెను నిండు వేగంతో గుద్దుతుంది. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు, ఇద్దరూ జాగ్రత్తపరులే. వానాకాలంలో రోడ్డు తడిసి ఉన్నప్పుడో, బ్రేకులు అరిగిన టాటా ఏస్ అయినప్పుడో లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుందన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే.

మన చట్టం మాత్రం వేరే లోకంలో ఉంది. 2018 ఏప్రిల్లో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ హద్దుల్లో కారుకు 70, మోటారు సైకిలుకు 60, ఆటోకు 50 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. పర్లాకిమిడి లాంటి ఊళ్లో 70! ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఏ వీధిలో ఎంతకు తగ్గించాలో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అప్పగించిన అధికారులకూ ఉంది. ఆ అధికారాన్ని చిన్న పట్టణాల కోసం వాడిన సందర్భాలు అరుదు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన రోడ్డు భద్రత సదస్సు, పాదచారులూ సైకిలువాళ్లూ మోటారు వాహనాలతో కలిసి తిరిగే చోట 30 దాటనివ్వొద్దని ప్రకటించింది. ఆ ప్రకటనను అదే ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సమర్థించింది. మన బజారు వీధుల్లో మనుషులూ వాహనాలూ కలవని చోటు ఎక్కడుందో వెతికితే దొరకదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సైకిలు మీద ఉన్నవాళ్లు 4,800కు పైగా, నడిచిపోతున్నవాళ్లు 32 వేలకు పైగా. మొత్తం చావుల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. ఒక్క ఒడిశాలోనే ఏటా 5,000 మందికి మించి పోతున్నారు. ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పుకోవాలి. చనిపోయిన ప్రతి వందమందిలో 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. వేగం తగ్గించమనడం సైకిలువాళ్లు బండివాళ్ల మీద పెట్టే పోరు అన్నట్టు మాట్లాడతారు గానీ, దానివల్ల ఎక్కువమంది బతికేది బండివాళ్లే.

రోడ్డు భయపెడితే అందరూ ఒకేసారి సైకిలు మానరు. ముందు ఆడపిల్లలు మానతారు, అంటే వాళ్లచేత మాన్పిస్తారు. తర్వాత అరవై దాటినవాళ్లు. ఆఖరికి సైకిలు మీద మిగిలేది వేరే దారి లేని కూలీ. అప్పుడు చూసేవాళ్లకు సైకిలంటే పేదరికం అన్న ముద్ర స్థిరపడిపోతుంది. నామోషీ పుట్టేది అక్కడ. గంజాం నుంచి సూరత్ మరమగ్గాల పనికి పోయిన కుర్రాడు నాలుగు డబ్బులు చేతికి రాగానే ఊళ్లో బండి కొంటాడంటే అది డాబు కోసమే అనుకుంటాం. ఆ రోడ్డు మీద ఇంజిను లేనివాడికి విలువ లేదని చిన్నప్పటి నుంచీ చూసి నేర్చుకున్నాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పర్లాకిమిడిలో సాయంత్రం బడి వదిలే వేళకు రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే ఇదంతా కళ్లకు కడుతుంది. యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా, కబుర్లు చెప్పుకుంటూ తొక్కుకొస్తారు. వెనక నుంచి హారన్ పడగానే ఒకరి వెనక ఒకరుగా విడిపోతారు. రెండో హారన్‌కి తారు రోడ్డు దిగిపోతారు. చిక్కంతా ఆ దిగడంలోనే ఉంది. పాత రోడ్డు మీద పొర మీద పొర తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు అంచు పక్కనున్న మట్టి కంటే మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. సన్నటి చక్రం ఆ అంచు మీద జారితే పిల్ల లారీ వైపే పడుతుంది. కాస్త తెలివైనవాళ్లు ముందే ఆగి, సైకిలు దిగి, బండ్లు పోయేదాకా నిలబడతారు. ఇంటికి చేరేలోపు ఎన్నిసార్లు దిగాలో ఎన్నిసార్లు ఎక్కాలో. కొన్నాళ్లకు విసుగొచ్చి నాన్న బండి వెనక కూర్చుని రావడం మొదలవుతుంది. ఆ నాన్న బండి మళ్లీ అదే బడి ముందు గుంపులో చేరుతుంది, మిగతా పిల్లలకు ఇంకాస్త ఇబ్బందవుతుంది.

ప్రభుత్వాలు సైకిలు ఇవ్వడంలో వెనకబడలేదు. ఒడిశా హైస్కూలు పిల్లలకు ఏళ్లుగా సైకిళ్లు ఇస్తోంది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లల కోసం 'బడికొస్తా' పథకం నడిచింది. బిహార్‌లో 2006లో మొదలైన సైకిళ్ల పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఆడపిల్లలు వయసుకు తగ్గట్టు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని తేల్చారు. సైకిలుకు ఉన్న శక్తి అంతటిది. కానీ సైకిలిచ్చే శాఖ ఒకటి, అది తిరిగే రోడ్డు వేసే శాఖ ఇంకొకటి. ఒకరు ఇచ్చినదాన్ని ఇంకొకరు గోడకు ఆనిస్తున్నారు.

వేగం తగ్గించడం అనగానే మనకు రెండే తోస్తాయి, ఒకటి బోర్డు, రెండోది స్పీడ్ బ్రేకర్. బోర్డు సంగతి అందరికీ తెలిసిందే. దాని కిందే నిలబడి టీ తాగుతూ పక్కన దూసుకుపోయే బండ్లను చూస్తుంటాం. స్పీడ్ బ్రేకర్ గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం మామూలు హంప్ ప్రయాణ దిశలో 3.7 మీటర్ల పొడవుండాలి, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు మించకూడదు. అలా కడితే 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటొచ్చు, అంతకు మించితేనే ఇబ్బంది. మన వీధుల్లో ఉండేవి ఇవి కావు. ఎక్కడో ప్రమాదం జరుగుతుంది, జనం రాస్తారోకో చేస్తారు, మర్నాడు మిగిలిపోయిన తారుతో రోడ్డుకు అడ్డంగా రెండడుగుల వెడల్పు గట్టు వెలుస్తుంది. దాన్ని మోటారు సైకిలు షాకబ్జార్ల దయవల్ల ఎగిరి దాటేస్తుంది. కారు ఆగి, దాటి, మళ్లీ ఎక్సలేటర్ తొక్కుతుంది. క్యారేజీ మీద ముప్పై కిలోల బియ్యం బస్తాతో వచ్చే సైకిలువాడికి మాత్రం నడుం విరుగుతుంది, లేదంటే చువ్వలు విరుగుతాయి. వేగంతో పోయేవాణ్ణి ఆపాల్సిన కట్టడం నెమ్మదిగా పోయేవాణ్ణి శిక్షిస్తోంది. సరైన కొలతతో హంప్ కట్టి, నీరు పోయేలా రెండు చివర్లా వదిలే ఖాళీని సైకిలు పట్టేంత చేస్తే ఈ బాధ ఉండదు. అయ్యే ఖర్చు కూడా అదే తారు, అదే కూలీ.

బోర్డుకీ గట్టుకీ మధ్య ఇంకా చాలా ఉపాయాలున్నాయి. డ్రైవరు వేగాన్ని నిర్ణయించేది ఎక్కువగా అతని కంటికి రోడ్డు ఎలా కనిపిస్తుందన్నదే. ముందు ఖాళీగా, తిన్నగా, వెడల్పుగా ఉంటే కాలు దానంతటదే నొక్కుతుంది. ఊళ్లో బండ్లు పోయే ఒక్కో వరుస (లేన్) మూడున్నర మీటర్ల వెడల్పు ఉండాల్సిన పని లేదు, మూడు చాలు. మిగిలిన అర మీటరు అటూ ఇటూ కలిపితే సైకిలుకు ఊపిరాడే అంచు దొరుకుతుంది. మలుపులు మరీ ముఖ్యం. నాలుగు రోడ్ల కూడలిలో మూల గుండ్రంగా, విశాలంగా కోసి ఉంటే బండి బ్రేకు మీద కాలు వేయకుండానే తిరిగిపోతుంది. తిన్నగా పోతున్న సైకిలును ఎడమవైపు తిరిగే ఆటో కొట్టేది అక్కడే. ఆ మూలను నాలుగు సిమెంటు తొట్లతోనో, ఇసుక నింపిన డ్రమ్ములతోనో బిగిస్తే తిరిగేవాడు పదిహేనుకు దిగక తప్పదు. ఒక నెల డ్రమ్ములు పెట్టి చూసి, పనిచేస్తే అప్పుడు రాయి కట్టుకోవచ్చు. పనిచేయకపోతే డ్రమ్ములు లారీ ఎక్కించి తీసుకుపోవడమే, నష్టమేమీ లేదు. మురుగు కాల్వల మీద ఇనప జాలీలను కూడా చూడాలి. కమ్మీలు రోడ్డు పొడవునా ఉంటే సైకిలు ముందు చక్రం వాటి సందులోకి దిగబడుతుంది. అడ్డంగా తిప్పి బిగించడానికి ఒక పూట పని.

ఈ ఊళ్లకు ఉన్న పెద్ద చిక్కు జాతీయ రహదారులు. పర్లాకిమిడి మీదుగా 326ఎ పోతుంది, రాయగడ మీదుగా 326, జయపురం మీదుగా 26. బరంపురానికి 16వ నంబరు రహదారి అంచున ఉంది కాబట్టి కొంత నయం. లోపలి వీధి మున్సిపాలిటీది, పెద్ద బజారు రోడ్డు రాష్ట్ర నిర్మాణ శాఖది, హైవే కేంద్రానిది. హైవే మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదన్నది కేంద్రం విధానం. లారీ డ్రైవరుకు నంబరు మారదు, రోడ్డు మారదు, ఊరొచ్చిందని చెప్పే గుర్తేదీ ఉండదు. నూరు కిలోమీటర్ల నుంచి ఒకే తీరున వస్తున్నవాడు అదే ఊపుతో సంత మధ్యలోకి వచ్చేస్తాడు. అలాంటి చోట ఊరి మొదట్లోనే రోడ్డు ఆకారం మారాలి. మధ్యలో మనిషి నిలబడగలిగే దిమ్మ, అటూ ఇటూ చెట్లు, సన్నబడిన వరుసలు, చక్రాల కింద గరగరమనే గీతలు ఉంటే వేరే చోటికి వచ్చామని డ్రైవరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాయగడలో భారీ లారీలకు బడి వేళల్లో ప్రవేశం ఆపడం కూడా ఆలోచించదగ్గదే. అది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

మరి ప్రత్యేక సైకిల్ ట్రాకులు? ఈ మాట వినగానే అధికారుల కళ్లు మెరుస్తాయి, ఎందుకంటే రంగు వేసి ఫోటో తీయొచ్చు. భువనేశ్వర్‌లో 2018 హాకీ ప్రపంచకప్ వేళకు 'మో సైకిల్' పేరుతో అద్దె సైకిళ్లు ఆర్భాటంగా దింపారు. కేంద్రం 2020లో పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో విజేతలైన 11 నగరాల్లో భువనేశ్వర్, వరంగల్ రెండూ ఉన్నాయి. హైదరాబాద్ బాహ్య వలయ రహదారి వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు 2023లో ప్రారంభమైంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనలేం. కానీ అక్కడ తొక్కడానికి సైకిలును కారుకు తగిలించుకుని వెళ్లేవాళ్లుంటారు! కాయగూరలకు పోయే మనిషికి అది అక్కరకు రాదు. వేగం 50 దాటే రోడ్డు మీద, అంటే బరంపురం నుంచి గోపాలపురం పోయే దారి లాంటి చోట, వేరు ట్రాకు తప్పనిసరి. అక్కడ రంగు గీత చాలదు, మధ్యలో రాయి ఉండాలి. ఊరి లోపల మాత్రం ప్రతి వీధికీ ట్రాకు కట్టే చోటూ లేదు, డబ్బూ లేదు. కట్టినా వారం తిరక్కుండా పానీపూరీ బండి వచ్చి చేరుతుంది. వీధి మొత్తాన్నీ సైకిలు తట్టుకోగల వేగానికి దించడమే అక్కడ చవక, శాశ్వతం కూడా.

ఈ మధ్య ఈ ఊళ్లలో ఈ-రిక్షాలు పెరగడం దీనికి కలిసొచ్చే విషయం. నిబంధన ప్రకారమే అవి 25 కిలోమీటర్లు దాటకూడదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న విద్యుత్ స్కూటర్లదీ అదే పరిమితి. అంటే రోడ్డు మీద నెమ్మది వాహనాల జనాభా ఇప్పటికే పెరుగుతోంది. వాటినీ సైకిళ్లనీ ఒక జట్టుగా చూసి వీధి కొలతలు రాయొచ్చు. అలా చూసే అలవాటు ఇంజనీర్లకు ఇంకా రాలేదు.

అభ్యంతరాల్లో మొదటిది సమయం. రెండు కిలోమీటర్ల బజారు రోడ్డును 50 వేగంతో దాటితే 2 నిమిషాల 24 సెకన్లు, 30తో దాటితే 4 నిమిషాలు. తేడా 96 సెకన్లు. అదీ మధ్యలో ఎక్కడా ఆగకుండా 50తో పోగలిగితే. కూడళ్లు, ఆవులు, సిటీ బస్సు, ఎదురొచ్చే పెళ్లి ఊరేగింపు కలుపుకుంటే సగటు ఎలాగూ పాతిక దాటదు. రెండు కూడళ్ల మధ్య అరవైకి ఎక్కించి తర్వాతి కూడలిలో ఎదురుచూడటమే మనం చేసేది. అంబులెన్సుకు అడ్డమవుతుందని కూడా అంటారు. దానికి అడ్డం రోడ్డు మీద నిలిపిన కార్లే.

వ్యాపారులు భయపడేది పార్కింగ్ గురించి. ఒక కారు పట్టే చోట పది సైకిళ్లు పడతాయన్నది ఒక జవాబు. బరంపురం వాళ్లకైతే ఇంకో జవాబుంది. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరిగే దాదాపు నెల రోజులూ పాత ఊరి వీధులు సాయంత్రం నుంచి మనుషుల చేతిలోకి వచ్చేస్తాయి. తెలుగు మాట్లాడే దేరా నేతగాళ్ల పెద్ద, దేశీ బెహరా ముందుండి నడిపించే జాతర అది. ఆ నెల ఏ దుకాణమూ దివాలా తీయలేదు సరికదా, ఏడాది మొత్తంలో బేరం బాగా సాగేది అప్పుడే.

ఎండ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సైకిలు తొక్కమని ఎవరినీ అడగలేం. బండి మీదా ఆ వేళ సుఖమేమీ ఉండదనుకోండి. అయితే ఈ ప్రాంతానికి నీడ ఉండేది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను బరంపురం చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఊడ్చేసింది. తుపాన్లు మిగిల్చినవాటిని రోడ్ల విస్తరణ కొట్టేసింది. మళ్లీ నాటినవి చాలావరకు డివైడరు మీది పూలమొక్కలు. వాటి నీడ వాటికే చాలదు. వేప, కానుగ లాంటివి రోడ్డుకు ఎడమ అంచున, తొక్కేవాడి నెత్తి మీదికి కొమ్మలొచ్చేలా నాటితే ఎనిమిది పదేళ్లలో ఫలితం కనిపిస్తుంది. చెట్ల వరుస ఉన్న రోడ్డు డ్రైవరు కంటికి సన్నగా కనిపిస్తుంది కాబట్టి అది వేగాన్నీ తగ్గిస్తుంది. ఒక్క చెట్టుతో రెండు పనులు అవుతాయన్నమాట. పది మీటర్లకొకటి చాలు.

ఇదంతా మన దేశంలో కుదిరే పనేనా అని పెదవి విరిచేవాళ్లుంటారు. సైకిలుకు మారుపేరైన నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్ల మీదికొచ్చి, పిల్లల హత్యలు ఆపండని ఉద్యమం చేశాకే అక్కడి వీధులు మారాయి. సగానికి పైగా వీధుల్లో 30 పరిమితి పెట్టిన హెల్సింకీలో 2025 జులై నాటికి ఏడాది పాటు రోడ్డు ప్రమాదంలో ఒక్క చావు లేదు. ఆ నగర జనాభా బరంపురానికి రెండింతలు కూడా ఉండదు. అక్కడిలా కెమెరాలు, మంచి బస్సులు ఇక్కడ లేవన్నది నిజం. అందుకే జరిమానా మీద ఆశ పెట్టుకోకుండా రోడ్డు ఆకారం మీద పెట్టాలి. తారుకు లంచం ఇవ్వలేరు.

సరిహద్దు ఊళ్లకు జరిమానాతో ఇంకో తలనొప్పి కూడా ఉంది. పర్లాకిమిడి, పాతపట్నం రెండు రాష్ట్రాల్లో ఉన్నా బతుకు ఒక్కటే. పెళ్లి సంబంధాలు, ఆస్పత్రి, సంత, సినిమా అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒకచోట ఓడీ 20 బండి, పక్కనే ఏపీ 39 బండి. సైకిలు మీద పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో రాష్ట్రం మారుతుంది, పోలీసు మారతాడు, రోడ్డు వేసే శాఖ మారుతుంది. ఇటు 30 పెట్టి అటు వదిలేస్తే ఉపయోగం తక్కువ. రెండు జిల్లాల కలెక్టర్ల అధ్యక్షతన వేర్వేరుగా రోడ్డు భద్రత కమిటీలున్నాయి. ఏడాదికి ఒక్కసారైనా గజపతి, శ్రీకాకుళం కమిటీలు కలిసి కూర్చుని ఈ దారి ఒక్కదాన్నే మాట్లాడుకుంటే చాలు. అందుకు చట్టంలో అడ్డేమీ లేదు. పైగా 2019 సవరణలో వచ్చిన 138(1ఎ) సెక్షన్ సైకిళ్లు, పాదచారుల కోసం నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో ఆ నిబంధనలు చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా.

కమిటీ కదలాలంటే ముందు ఎవరో ఒకరు లెక్క తీసుకెళ్లాలి. రాడార్ గన్ లేకపోయినా ఫర్వాలేదు. బడి ముందు రోడ్డు మీద టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దతో గీత గీయాలి. మొదటి గీతకు చక్రం తగిలినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దగ్గర ఆపాలి. ఆరు సెకన్లు పడితే వేగం 30. మూడున్నర సెకన్లకు అటూ ఇటూగా దాటేసిందంటే 50 మీద ఉన్నట్టే, మూడులో దాటితే 60. పదో తరగతి పిల్లలు లెక్కల మాస్టారితో కలిసి ఒక సాయంత్రం గంటసేపు నిలబడితే వంద బండ్ల పట్టిక తయారవుతుంది. వంద బండ్లలో ఎన్ని ఆరు సెకన్ల లోపే దాటాయో పైవరుసలో రాసి, హెడ్‌మాస్టరు సంతకంతో కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. డ్రమ్ములు పెట్టాక నెలకు మళ్లీ అదే గంటలో, అదే గీతల మధ్య కొలవాలి.